స్క్రీనింగ్‌లో 21కి 13 వస్తే పాపను బాస్కెట్‌బాల్ మాన్పించాలా?

పెద్దపల్లి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కూతురికి పదిహేనేళ్లు, మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది, జిల్లా జట్టుకు ఆడింది. వేసవి క్యాంపులో చేర్పిస్తే మొదటి రోజే ‘మూవ్‌మెంట్ స్క్రీనింగ్’ అని ఏడు రకాల పరీక్షలు చేసి 21కి 13 వేశారు. 14, అంతకంటే తక్కువ వస్తే దెబ్బలు తగిలే రిస్క్ ఎక్కువని, మూడు నెలలు కరెక్షన్ ఎక్సర్‌సైజులు చేయించాలని, దానికి ఫీజు వేరే అని చెప్పారట. వాళ్లమ్మ ‘అసలు ఆటే వద్దు’ అంటోందట. మార్కుల కాగితం ఫొటో కూడా పెట్టారు, దానివల్ల నా పని సులువైంది.

అన్నా, ముందు సమాధానం చెప్పేస్తాను. మాన్పించకండి. ఆ 13 చూసి మీ పాపకు దెబ్బ తగులుతుందని గానీ, 18 వచ్చిన పాపకు తగలదని గానీ ఎవరూ చెప్పలేరు. అలాగని కాగితం చింపేయకండి. అందులో ఒకటి రెండు గడులు మనకు పనికొస్తాయి. కింద వేసిన మొత్తం మార్కే పనికిరాదు.

నిజంగా పట్టించుకోవాల్సిన విషయం ఆ కాగితంలో లేదు. అది మీరే మాటల మధ్యలో రాశారు: ‘పోయిన ఏడాది ఎడమ కాలు రెండుసార్లు మడతపడింది, కట్టు కట్టిస్తే తగ్గింది’ అని ఒకచోట, ‘పరీక్షల వల్ల మూడు నెలలు బంతి ముట్టలేదు, ఇప్పుడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోతోంది’ అని ఇంకోచోట. నేనైతే ఎర్ర పెన్ను తీసుకుని ఈ రెండు వాక్యాల కింద గీత గీస్తాను.

నేను హనుమకొండలో పదిహేడేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. అంతకుముందు యూనివర్సిటీ జట్టులో గార్డుగా ఆడాను, నా కుడి చీలమండ ఇప్పటికీ వాన పడే ముందు గుర్తు చేస్తుంటుంది. డాక్టర్‌ని కాను. అది గుర్తుంచుకుని చదవండి.

ఇక ఆ 14 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. పాపకు చేసిన పరీక్ష పేరు ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్, మేం ఎఫ్‌ఎంఎస్ అంటాం. అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ అనే ఇద్దరు 1990లలో తయారు చేశారు. ఏడు కదలికలు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 21. కదలిక శుభ్రంగా చేస్తే 3, కాస్త వంకరగా చేస్తే 2, చేయలేకపోతే 1, చేస్తున్నప్పుడు నొప్పి వస్తే 0. 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ జట్టు ఒకదానిలో 46 మంది మగాళ్ల మీద చేసిన చిన్న అధ్యయనంలో, 14 లేదా అంతకంటే తక్కువ వచ్చినవాళ్లకు ఆ సీజన్‌లో పెద్ద దెబ్బలు ఎక్కువ తగిలాయని తేలింది. అప్పటి నుంచి ఆ 14 అనే అంకె ఊళ్లన్నీ తిరుగుతోంది. హెల్మెట్ పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆ భారీ మనుషుల లెక్కను మన పదిహేనేళ్ల పిల్లకు ఎలా వర్తింపజేస్తామో నాకైతే అర్థం కాదు. పైగా ఆ అధ్యయనంలోనే, దెబ్బ తగిలిన వాళ్లలో దాదాపు సగం మందికి 14 కంటే ఎక్కువే వచ్చింది! ఆ ముక్క ఎవరూ చెప్పరు. తర్వాత ఎన్నో జట్ల మీద చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవాళ్లు, దెబ్బలను ముందే చెప్పడానికి ఈ మార్కును వాడలేమని తేల్చారు. నార్వేకు చెందిన రోవాల్డ్ బార్ అనే స్పోర్ట్స్ మెడిసిన్ ప్రొఫెసర్ 2016లో ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి స్క్రీనింగ్ ఏదీ ఎవరికి దెబ్బ తగులుతుందో చెప్పలేదు, ఇకముందు కూడా చెప్పలేకపోవచ్చు అని రాశారు.

ఎందుకని? ఊరికే లెక్క కోసం అనుకుందాం. వంద మంది అమ్మాయిలు ఆడుతున్నారు, సీజన్ అయ్యేసరికి 20 మందికి దెబ్బలు తగిలాయి. స్క్రీనింగ్‌లో 30 మందికి తక్కువ మార్కులు వచ్చాయి, వాళ్లలో 9 మందికి తగిలాయి. మిగతా 70 మందిలో 11 మందికి తగిలాయి. ఇప్పుడు ‘తక్కువ మార్కు వచ్చినవాళ్లకు రిస్క్ దాదాపు రెట్టింపు’ అని చెప్పొచ్చు, అబద్ధం కాదు. కానీ ఇంకోవైపు నుంచి చూడండి. మనం భయపెట్టిన 30 మందిలో 21 మంది హాయిగా ఆడుకున్నారు. దెబ్బ తగిలిన 20 మందిలో 11 మంది ‘నీకేం కాదు పో’ అని మనం పంపినవాళ్లే. గుంపు గురించి చెప్పిన మాట ఒక్క పిల్ల గురించి చెప్పిన మాట అవదు. జాతకం కూడా ఇంతకంటే ధైర్యంగా ఏం చెప్పదు లెండి.

మీ క్యాంపు వాళ్లను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఈ స్క్రీనింగ్ మీదే రెండు రోజుల కోర్సు చేసి, చెక్క పలక, కర్ర, కొలతల పట్టీ ఉన్న కిట్ కొనుక్కుని వచ్చాను. చేతిలో సుత్తి ఉంటే కనిపించిందల్లా మేకులాగే ఉంటుంది కదా! ఒక హాస్టల్ స్కూల్లో నలభై మంది అమ్మాయిలను వరుసగా నిలబెట్టి పరీక్షించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలు ఇచ్చాను. ఎర్ర చీటీ వచ్చిన వాళ్లలో ఒక పొడుగు పిల్ల ఉండేది. బంతి విసిరితే రింగుకు తగలకుండా నెట్‌లో దిగేది, అంత శుభ్రమైన చెయ్యి. పుష్‌అప్ చేయలేకపోవడం, భుజాలు బిగుసుకుని ఉండటం వల్ల 12 వచ్చింది. నా చీటీ చూసి వాళ్ల వార్డెన్ భయపడి ఆమెను కూర్చోబెట్టింది. నెల తర్వాత వెళ్తే కోర్టు బయట కూర్చుని మిగతావాళ్ల చెప్పులు, నీళ్ల సీసాలు చూసుకుంటోంది. ‘సార్, నా ఎర్ర చీటీ ఎప్పుడు పచ్చగైతది?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సీజన్‌లో నాలుగు చీలమండలు బెణికితే అందులో మూడు ఆకుపచ్చ చీటీల వాళ్లవి. ఆ పిల్ల మళ్లీ ఆటలోకి రాలేదు. ఆ తర్వాత నేను రంగుల చీటీలు ఎవరికీ ఇవ్వలేదు. కిట్‌లోని చెక్క పలక మాత్రం ఇప్పటికీ క్లినిక్‌లో ఉంది, పిక్కలు సాగదీయడానికి వాడుతున్నాం.

సరే, మీ కాగితంలో గడులు చూద్దాం. లోతుగా కూర్చునే స్క్వాట్ 1, అడ్డుకర్ర దాటడం 2, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచి దిగే లంజ్ 2, భుజం 3, పడుకుని కాలు పైకెత్తడం 3, పుష్‌అప్ 1, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యీ ఒక కాలూ ఒకేసారి చాపడం 1. కలిపితే 13.

పుష్‌అప్‌లో 1 అంటే చేతుల్లో, నడుములో బలం తక్కువ. మన అమ్మాయిల్లో చాలామందికి ఇంతే, ఎవరూ నేర్పరు కాబట్టి. రెండు నెలలు నేర్పితే వస్తుంది. చివరిదాంట్లో 1 కూడా పెద్ద విశేషం కాదు, పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లను నేను అరుదుగా చూశాను. భుజం 3 మంచిదే, కానీ ఆ 3 మార్కులు ఆమె ఎడమ పాదానికి ఏ సాయమూ చేయవు. మొత్తం మార్కుతో ఉన్న తిరకాసే ఇది, భుజంలో సంపాదించింది చీలమండలో పోగొట్టుకున్నదాన్ని కప్పేస్తుంది.

నాకు ఆసక్తిగా అనిపించింది స్క్వాట్‌లో వచ్చిన 1. కర్ర తల మీద ఎత్తి పట్టుకుని పూర్తిగా కిందికి కూర్చోలేకపోయిందన్నమాట. మడమలు లేచాయా అని క్యాంపులో అడగండి. రెండుసార్లు బెణికిన చీలమండ చాలాసార్లు బిగుసుకుపోతుంది, పాదం ముందుకు సరిగా వంగదు. నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. పాపను చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా నిలబెట్టండి. ఎడమ బొటనవేలు గోడకు ఎదురుగా ఉండాలి. మడమ నేలకు ఆనించి ఉంచి, మోకాలు వంచి గోడకు తాకించమనండి. తాకితే పాదం కాస్త వెనక్కి జరపండి, మళ్లీ. మడమ లేవకుండా మోకాలు గోడకు తాకే ఆఖరి చోట ఆపి, గోడకూ బొటనవేలికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. మడమ కింద ఒక కాగితం ముక్క పెట్టి మీరు మెల్లగా లాగుతుండండి, కాగితం జారి వస్తే మడమ లేచినట్టే. పిల్లలు ఇక్కడ దొంగాట ఆడతారు, పాదం లోపలికి వాల్చేసి మోకాలు తాకిస్తారు. మోకాలు రెండో వేలి మీదుగా నేరుగా పోవాలి. తర్వాత కుడి కాలు. సుమారు పది సెంటీమీటర్లు వస్తే నేను సరే అంటాను. అంతకంటే బాగా తక్కువున్నా, రెండు కాళ్లకూ మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉన్నా ఆ చీలమండ మీద పని చేయిస్తాను.

దీనికి ఆధారం ఉంది. 2011లో స్వీడన్‌లో 75 మంది జూనియర్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఏడాది పాటు గమనించారు. చీలమండ 36.5 డిగ్రీల కంటే తక్కువ వంగేవాళ్లలో నాలుగైదుగురికి ఒకరి చొప్పున మోకాలి చిప్ప కింది టెండన్‌లో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి దానిలో) నొప్పి వచ్చింది. బాగా వంగేవాళ్లలో నూటికి రెండు మాత్రమే. ఎందుకంటే ఎగిరి దిగినప్పుడు చీలమండ మింగాల్సిన దెబ్బ మోకాలు మింగుతోంది. ఇది కూడా చిన్న అధ్యయనమే, ఆ డిగ్రీని పట్టుకుని ఇంకో 14లా వాడకండి. కానీ ఒక్క కీలు, ఒక్క జబ్బు, మధ్యలో కారణం కళ్లకు కడుతోంది, అందుకే దీన్ని ఏడు కదలికల మొత్తం కంటే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు పాత దెబ్బ సంగతి. బాస్కెట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది చీలమండ, మళ్లీ బెణికే చీలమండ ఏదంటే ఇంతకుముందు బెణికిందే. ఆస్ట్రేలియాలో పది వేలకు పైగా ఆటల హాజరీలు లెక్కగట్టి 2001లో ప్రచురించారు. ముందే చీలమండ దెబ్బ ఉన్నవాళ్లకు మళ్లీ తగిలే అవకాశం దాదాపు అయిదు రెట్లు. దాదాపు సగం దెబ్బలు ఎగిరి కిందికి దిగేటప్పుడు తగిలినవే. రీబౌండ్‌కు, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి కోసం, ఎగిరి వేరేవాళ్ల షూ మీద దిగడం మీరూ చూసే ఉంటారు.

మా దగ్గర ఎలా జరుగుతుందో చెప్తాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు మోకాలి నొప్పి అని వచ్చాడు. ‘పాత దెబ్బలేమన్నా ఉన్నాయా?’ అంటే ‘ఏం లేవు సార్’ అన్నాడు. ‘కాలు ఎప్పుడన్నా మడతపడ్డదా?’ అని మాట మార్చి అడిగితే ‘ఆ, అది నాలుగైదు సార్లు పడ్డది, మంచిగైంది’ అన్నాడు. వాడి దృష్టిలో అది దెబ్బే కాదు! చెప్పులు విప్పించి ఒంటి కాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నాను. మంచి కాలి మీద అరనిమిషం కదలకుండా నిలబడ్డాడు. రెండో కాలి మీద కళ్లు మూసిన మూడో సెకనుకే కాలివేళ్లు నేలను గీరడం మొదలైంది, పాదం మీది తీగలు ఒకటొకటే లేచి పడుతున్నాయి, ఆరో సెకనుకు చెయ్యి పోయి నా టేబుల్ పట్టుకుంది. లిగమెంట్ (కీలులో ఎముకలను కలిపి ఉంచే పట్టీ) అతుక్కుంటుంది గానీ, పాదం ఎటు వాలుతోందో క్షణంలో పసిగట్టే శక్తి దానంతటదే పూర్తిగా తిరిగి రాదు. దాన్ని మళ్లీ నేర్పాలి. మన దగ్గర కట్టు విప్పిన రోజే వైద్యం అయిపోయిందనుకుంటాం.

ఈ పరీక్ష మీ పాపకూ చేయండి, పక్కన గోడ ఉండేలా చూసుకుని. ఎడమకూ కుడికీ తేడా ఎంతుందో చూడండి, అంతే.

ఇంకొంచెం పద్ధతిగా కావాలంటే నేల మీద టేపుతో వై ఆకారం అతికించి, మధ్యలో ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకు, వెనక రెండు మూలలకు చాచమంటాం. 2006లో అమెరికాలో 235 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లలకు ఇలా కొలిచారు. ముందుకు చాచినప్పుడు రెండు కాళ్లకూ 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవాళ్లకు కాలి దెబ్బలు రెండున్నర రెట్లు ఎక్కువ. తర్వాత వేరే చోట్ల చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. నేను దీన్ని రిస్క్ చెప్పడానికి వాడను, ఎక్సర్‌సైజులు పని చేస్తున్నాయో లేదో నెల నెలా చూడటానికి వాడతాను. టేపు, చాక్‌పీసు తప్ప ఖర్చు లేదు.

చేయించాల్సింది ఇది. రోజూ పది నిమిషాలు. గోడ దగ్గర అదే మోకాలు తాకించడం, ఒక్కో కాలికి పదిహేను సార్లు, రెండు విడతలు. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, మొదట రెండు కాళ్లతో, రెండు వారాల తర్వాత ఒంటికాలితో. ఒంటికాలి మీద నిలబడి గోడకేసి బంతి కొట్టి పట్టుకోవడం, ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లు. పళ్లు తోముకునేటప్పుడు ఎడమ కాలి మీద నిలబడమనండి, అది మరిచిపోవడం కష్టం. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపకుండా చేయాలి. ఇలాంటి బ్యాలెన్స్ శిక్షణ బెణుకులను తగ్గిస్తుందని హైస్కూల్ పిల్లల మీద చేసిన ట్రయల్స్‌లో తేలింది, పాత దెబ్బ ఉన్నవాళ్లకు లాభం ఎక్కువ.

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ పేరు పాపకు తెలిసే ఉంటుంది. 2011లో ఒకసారి, 2012లో మరోసారి చీలమండకు ఆపరేషన్ అయింది. ఆ 2011-12 సీజన్‌లో 26 ఆటలే ఆడగలిగాడు. తర్వాత తుంటి, నడుము కండరాల బలం మీద బాగా పని చేశాడు, చీలమండకు బ్రేస్ (కీలు మడతపడకుండా పట్టి ఉంచే తొడుగు) వేసుకుని ఆడాడు. 2015లో, 2016లో ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు. బెణికే కాళ్లున్న పిల్లలకు నేను చెప్పే కథ ఇదొక్కటే, వాళ్లు దీనికే లొంగుతారు.

బ్రేస్ మాట వచ్చింది కాబట్టి: పాపకు లేసులతో బిగించే యాంకిల్ బ్రేస్ కొనండి. అమెరికాలో 1,460 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లలతో చేసిన ట్రయల్‌లో (2011) బ్రేస్ వేసుకున్నవాళ్లకు చీలమండ దెబ్బలు మూడో వంతుకు తగ్గాయి. తగిలిన దెబ్బల తీవ్రత మాత్రం తగ్గలేదు. మెడికల్ షాపులో దొరికే గొట్టం లాంటి ఎలాస్టిక్ తొడుగు ఆ పని చేయదు, వెచ్చగా ఉంటుందంతే. షూ సంగతి కూడా చూడండి. లావాటి మెత్తటి మడమ ఉన్న రన్నింగ్ షూ వేసుకుని చాలామంది కోర్టులోకి వస్తారు, పక్కకు తిరిగినప్పుడు అవి పాదాన్ని ఒరగనిస్తాయి. అడుగు అరిగి నున్నగా అయిన షూతో సిమెంటు కోర్టు మీద ఆడించకండి. మన ఊళ్ల కోర్టుల మీద ఎప్పుడూ సన్నటి ఇసుక పొర ఉంటుంది. నేను జట్టుతో వెళ్లినప్పుడు మొదటి పని చీపురు అడగడం.

రెండో ఎర్ర గీత, మూడు నెలల విరామం. నా అనుభవంలో మే నెల రెండో వారం, జూన్ చివరి వారం క్లినిక్ కిటకిటలాడుతుంది. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. జనవరి నుంచి స్టడీ అవర్లు, మార్చిలో పరీక్షలు, కదలకుండా కూర్చోవడం. ఏప్రిల్ చివర్లో క్యాంపు, ఒక్కసారిగా రోజుకు రెండు పూటలు, వారానికి ఆరు రోజులు, ఎగరడం దూకడం. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి, టెండన్లకు, ఎముకలకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. పిల్లకు ఆయాసం రావట్లేదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం. పిక్క ముందరి ఎముక నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

కాబట్టి కోచ్‌తో మాట్లాడి మొదటి వారం ఒక్క పూటే, రోజు విడిచి రోజు పంపండి. రెండో వారం నాలుగు రోజులు, మూడో వారం అయిదు రోజులు. నాలుగో వారం నుంచి సాయంత్రం పూట రెండు రోజులు కలపొచ్చు, అది కూడా షూటింగ్ ప్రాక్టీస్ లాంటి తేలికపాటిది. ఈ అంకెలు నా అలవాటు మాత్రమే, ఒక రోజు అటూ ఇటూ అయితే కొంప మునగదు. తెల్లారి లేచేసరికి నొప్పి ముందు రోజు కంటే ఎక్కువుంటే ఒక మెట్టు వెనక్కి రండి. రామగుండం, పెద్దపల్లి వైపు ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పొద్దున ఎనిమిది లోపల ఇంటికి రావాలి.

ఇక అమ్మాయిలు కాబట్టి మోకాలి గురించి ఒక మాట. ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ తెగడం ఒకే ఆటలో అబ్బాయిల కంటే అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎవరూ తగలకుండానే, ఆగి తిరిగేటప్పుడో ఎగిరి దిగేటప్పుడో తెగుతుంది. 2005లో అమెరికాలో 205 మంది అమ్మాయిలు స్టూలు లాంటి ఎత్తు మీంచి దూకి వెంటనే పైకెగిరేలా చేసి చూశారు. తర్వాత ఏసీఎల్ తెగిన తొమ్మిది మందికి, మిగతావాళ్లతో పోలిస్తే, దిగేటప్పుడు మోకాళ్లు సగటున లోపలికి ఎక్కువ వాలాయని తేలింది. ఇక ముందే చెప్పేయొచ్చని మేమంతా సంబరపడ్డాం. తర్వాత నార్వేలో 700 మందికి పైగా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ అమ్మాయిలతో ఇదే చేస్తే ఎవరికి తెగుతుందో తేల్చలేకపోయారు. అందుకే నేను దూకించేది మార్కు వేయడానికి కాదు, నేర్పడానికి. మోకాలి కంటే తక్కువ ఎత్తున్న మెట్టు మీంచి దూకమనండి, ముందు నుంచి ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి పాపకే చూపించండి. మోకాళ్లు ముద్దు పెట్టుకుంటున్నాయా? నేల మీద ధబ్‌మని చప్పుడొస్తోందా? ‘పిల్లిలా దిగు బిడ్డా’ అంటే చాలు, సగం సరిచేసుకుంటారు. ఈ ఒక్క మాట మూడు పేజీల కరెక్షన్ చార్ట్ కంటే బాగా పని చేయడం చాలాసార్లు చూశాను.

దెబ్బలను తగ్గించేది స్క్రీనింగ్ కాదు, వార్మప్. ఫుట్‌బాల్ కోసం తయారైన ‘ఎలెవన్ ప్లస్’ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఉంది: మెల్లగా పరుగు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలపడం), పక్క ప్లాంక్, మోకాళ్ల మీద నిలబడి ముందుకు వాలే హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) ఎక్సర్‌సైజు, ఒంటికాలి బ్యాలెన్స్, స్క్వాట్, దూకి ఆగడం, దిశ మార్చి పరుగు. 13 నుంచి 17 ఏళ్ల నార్వే అమ్మాయిల్లో దీనివల్ల దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఇటలీలో బాస్కెట్‌బాల్ జట్లతో చేసినప్పుడు కూడా లాభం కనిపించింది. వారానికి కనీసం రెండుసార్లు, సీజన్ పొడవునా చేయాలి. ఇది ఎవరికి ఎంత మార్కు వచ్చిందో అడగదు, జట్టు మొత్తం కలిసి చేస్తుంది. కోర్టు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, వంగి కాలివేళ్లు ముట్టుకుని ‘వార్మప్ అయింది సార్’ అనే మన అలవాటు పోతే అదే పదివేలు.

క్యాంపు వాళ్లతో గొడవ పెట్టుకోకండి. ‘కరెక్షన్ ప్యాకేజీలో ఏమేం చేయిస్తారు?’ అని అడగండి. పైన చెప్పినవే చేయిస్తుంటే, ఫీజు భరించగలిగితే, చేయించడంలో తప్పులేదు. ఆడుకుంటూనే చేయాలి, మూడు నెలలు ఆపి కాదు. ‘14 దాటితే ఇక దెబ్బలుండవు’ అని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఏడు పరీక్షల్లో దేంట్లోనైనా 0 వచ్చి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. 0 అంటే నొప్పి, నొప్పి ఉంటే ముందు డాక్టర్.

వాళ్లమ్మతో ఒక విషయం అడిగించండి. నెలసరి సక్రమంగా వస్తోందా? ఆడే పిల్లకు మూడు నెలలు వరుసగా రాకపోతే, లేదా బరువు తగ్గుతుంటే, తిండి చాలట్లేదని అర్థం కావచ్చు, ఎముకల్లో సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఏ స్క్రీనింగ్ కాగితంలోనూ ఈ గడి కనిపించదు. పొద్దున ఏం తినకుండా ప్రాక్టీస్‌కు పంపకండి, రెండు ఇడ్లీలైనా, అరటిపండైనా కడుపులో పడాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే: కాలు మడతపడ్డాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ రెండు పక్కలా ఉండే ఎముక బుడిపెల వెనక అంచున గానీ, పాదం బయటి అంచు మధ్యలో ఎముక మీద గానీ, లోపలి వైపు పాదం వంపు పైనున్న ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. మోకాలిలో ‘టప్’మని చప్పుడై రెండు మూడు గంటల్లో వాచిపోతే ఆ రోజే ఎముకల డాక్టర్‌కు చూపించండి. తాజా బెణుకు మీద నూనె పోసి మర్దన చేయించొద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే.

గోడ పరీక్షలో రెండు కాళ్లకూ ఎన్నెన్ని సెంటీమీటర్లు వచ్చాయో, కళ్లు మూసుకుని ఒక్కో కాలి మీద ఎన్ని సెకన్లు నిలబడిందో ఇక్కడే రాయండి. స్క్వాట్ చేస్తుంటే పక్క నుంచి మడమలు కనిపించేలా ఒక వీడియో తీసి, మొహం లేకుండా పెట్టండి. చూసి ఎడమ కాలికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్తాను. ఆదివారాలు నాకు కాస్త తీరిక ఉంటుంది.